రెండో రౌటర్ పెట్టినా మిద్దెపైన నెట్ ఎందుకు రాదు?

మా అమ్మ వీడియో కాల్ మాట్లాడాలంటే మెట్ల మీద కూర్చునేది. కడపలో మా ఇల్లు కింద పాతకాలపు రాతి కట్టడం, పైన తర్వాత ఎప్పుడో వేసుకున్న స్లాబు గది. ఫైబర్ బాక్సు, అంటే మా మొదటి రౌటర్, వీధి వైపు కిటికీ పక్కన ఉంటుంది. స్తంభం నుంచి తీగ అటు నుంచే వచ్చింది కాబట్టి బిగించినవాళ్లు అక్కడే బిగించి పోయారు. పై గదిలో నెట్ దాదాపు రాదు. వంటింట్లో వచ్చీ రాక ఏడిపిస్తుంది. నాలుగో మెట్టు మీద మాత్రం చక్కగా వస్తుంది. బెంగళూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసిందంటే అమ్మ మోకాళ్లు పట్టుకుని ఆ మెట్టు దగ్గరికి చేరేది. ఎప్పుడైనా పైనే ఉండి ఫోన్ ఎత్తితే అదే మాట: "నువ్వు బాగానే కనపడతాండావు గదమ్మా, నా మాట నీకు వినపడలేదంటావేంది?"

ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. అది నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అడిగిన ప్రతి ఒక్కరూ ఒక్కో మందు చెప్పారు. ప్లాన్ పెంచుకోమని ఒకరు, పెద్ద యాంటెనాలు ఉన్న రౌటర్ కొనమని ఒకరు, రిపీటర్ పెట్టమని ఒకరు, మెష్ తప్ప వేరే దారి లేదని ఇంకొకరు. అటక మీద పాత రౌటర్ ఉంది కదా, దాన్నే పైన పెట్టేయొచ్చు కదా అని మా మేనమామ. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు. కాకపోతే అన్నీ ఒకే జబ్బుకు మందులు కావు.

కొన్నేళ్ల కిందటి దాకా మన ఊళ్లలో ప్రశ్న వేరు. మా వీధికి లైన్ వస్తుందా రాదా అని అడిగేవాళ్లం. ఏపీ ఫైబర్‌నెట్, బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, కేబుల్ వాళ్ల కనెక్షన్లు వచ్చాక నెట్ గుమ్మం దాకా చేరింది. గుమ్మం దగ్గర నుంచి పడకగది దాకా ఉన్న ఆ ముప్పై అడుగులే ఇప్పుడు తలనొప్పి.

ప్లాన్ స్పీడు వేరు, గదిలో సిగ్నల్ వేరు

100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) ప్లాన్ అంటే వీధిలోంచి మన బాక్సు దాకా వచ్చే నీళ్ల పైపు లావు లాంటిది. వైఫై అంటే ఆ బాక్సు నుంచి ఫోన్ దాకా గాలిలో జరిగే రేడియో సంభాషణ. పైపు లావు పెంచినంత మాత్రాన మిద్దెపైన కుళాయి ధార పెరగదు. పై గదిలో గాలి మార్గం 5 ఎంబీపీఎస్ మాత్రమే మోయగలిగితే 100 ప్లాన్ తీసేసి 300 ప్లాన్ పెట్టుకున్నా అక్కడ వచ్చేది ఆ 5 మాత్రమే. అదనంగా కట్టే డబ్బంతా కిటికీ పక్కనే ఆగిపోతుంది.

మీ ఇంట్లో జబ్బు ఏదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బాక్సు పక్కన నిలబడి ఒకసారి, ఇబ్బందిగా ఉన్న గదిలో ఒకసారి స్పీడ్ టెస్ట్ పెడితే తేలిపోతుంది. బాక్సు పక్కన కూడా నెట్ నత్తనడక నడుస్తుంటే గొడవ లైన్‌దో ప్లాన్‌దో అయి ఉంటుంది, రెండో రౌటర్ దానికి ఏమీ చేయలేదు. బాక్సు పక్కన 95 వచ్చి పై గదిలో 4 వస్తే అది గోడల గొడవ. ఈ వ్యాసం ఆ రెండో రకం ఇళ్ల గురించే.

నాపరాయి గోడలు సిగ్నల్‌ను ఎంత తింటాయి

మన సీమ ఇళ్ల గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. వైఫై సలహాలు ఇచ్చే వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా చెక్కతోనో పలచటి బోర్డులతోనో కట్టిన విదేశీ ఇళ్లు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి దండిగా దొరుకుతుంది కాబట్టి మనవాళ్లు గోడలకు కూడా రాయే వాడారు. పాత ఇళ్లలో గోడ మందం అడుగున్నర. పైన దూలాలు, దంతెలు, బండలు, వాటి మీద మట్టి. ఎండాకాలం లోపల చల్లగా ఉండేది ఆ మందం వల్లే. వైఫై ఆగిపోయేది కూడా దాని వల్లే. వాన పడి మిద్దె మట్టి తడిసిందంటే ఇంకాస్త ఎక్కువ ఆగుతుంది, ఎందుకంటే నీళ్లు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. కొత్త ఇళ్లలో స్లాబులోని ఇనుప కమ్మీలు, స్టీలు బీరువా, నిలువుటద్దం, నీళ్లు నింపిన కూలర్ ఇవన్నీ అడ్డమే.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఇది మామూలుగా మైనస్ సంఖ్య. సున్నాకు దగ్గరగా ఉంటే బలం, దూరం పోయేకొద్దీ నీరసం. ఈ కొలతలో ఒక్కో అంకె తేడా ఒక డెసిబెల్. 3 డెసిబెల్స్ తగ్గితే బలం సగం అయినట్టు, 10 తగ్గితే పదో వంతు అయినట్టు. వీడియో కాల్ హాయిగా సాగాలంటే సుమారు -67 దాకా ఉంటే చాలంటారు. -80 దాటితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

ఇప్పుడు మా ఇంటి లెక్క వేద్దాం. ఇళ్లలో పెట్టే రౌటర్ సుమారు 100 మిల్లీవాట్ల బలంతో మాట్లాడుతుందని అనుకుంటే, వైఫై ఎక్కువగా వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ రకాల్లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఒక మీటరు దూరంలో దాదాపు -20 డీబీఎంతో అందుతుంది. అడ్డం ఏమీ లేకపోతే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. రెండు మీటర్లకు -26, నాలుగుకు -32, ఎనిమిదికి -38. చూశారా, ఎనిమిది మీటర్ల దూరం వల్ల పోయింది పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు గోడలు పెట్టండి. రాయిని బట్టి, మందాన్ని బట్టి ఈ అంకె మారుతుంది గానీ లెక్క కోసం ఒక్కో రాతి గోడకు 15 అనుకుందాం. మొదటి గోడ దాటితే -53. వంటింటి గోడ కూడా దాటితే -68. స్లాబుకు 20 వేసుకుంటే పై గదిలో -88. అంటే రెండు గోడలు, ఒక స్లాబు కలిసి 50 డెసిబెల్స్ తిన్నాయి. లక్ష రూపాయలు బయలుదేరితే రూపాయి చేరినట్టు.

5 గిగాహెర్ట్జ్ సంగతి ఇంకా కష్టం. అదే దూరానికి 6, 7 డెసిబెల్స్ అదనంగా పోతాయి, గోడలు కూడా దాన్ని ఎక్కువగా ఆపుతాయి. అయినా దాన్ని తీసిపారేయలేం. మన దేశంలో 2.4 బ్యాండు, అంటే ఆ తరంగాలకు కేటాయించిన జాగా, మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. 2018లో కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ వైపు లైసెన్సు అక్కర్లేని జాగాను మొత్తం 605 మెగాహెర్ట్జ్‌కు పెంచింది. ఒకటి ఇరుకు సందు, దూరం పోతుంది. ఇంకొకటి వెడల్పాటి రోడ్డు, గోడ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఒకే గదిలో ఉన్నప్పుడు 5, గోడ చాటున ఉన్నప్పుడు 2.4 బాగా పనిచేస్తాయి.

అమ్మ మాట చెల్లెలికి ఎందుకు వినపడలేదు

ఫోన్ మీద కనిపించే గీతలు రౌటర్ మాట ఫోన్‌కు ఎంత గట్టిగా వినపడుతుందో మాత్రమే చెబుతాయి. ఫోన్ మాట రౌటర్‌కు వినపడుతుందో లేదో అవి చెప్పవు. ఫోన్ బ్యాటరీ మీద బతికేది, దాని గొంతు చిన్నది. రౌటర్ 100 మిల్లీవాట్లతో పలికితే ఫోన్ చాలాసార్లు 30 దగ్గరే ఉంటుంది. అంటే మూడో వంతు కూడా లేదు. గోడలు రెండు వైపులా సమానంగానే తింటాయి. కాబట్టి రౌటర్ మాట ఫోన్‌కు కష్టంగా అందే చోట, ఫోన్ మాట రౌటర్‌కు అసలే అందకపోవచ్చు. చెల్లెలు బొమ్మ అమ్మకు కనిపించేది, అమ్మ మాట మాత్రం చెల్లెలికి తెగిపోయేది.

ఎక్కువ బలంతో అరిచే రౌటర్ కొంటే సమస్య ఎందుకు తీరదో ఇక్కడే తెలుస్తుంది. అది గట్టిగా అరవగలదు, ఫోన్ గొంతును పెంచలేదు. మంచి యాంటెనాలు వినడంలో కూడా కొంత సాయం చేస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఆ సాయం నాలుగైదు డెసిబెల్స్ స్థాయిలో ఉంటుంది, గోడలు తినేది యాభై. ఫోన్‌కు దగ్గరగా ఇంకొక చెవి పెట్టడం తప్ప వేరే దారి లేదు. రెండో రౌటర్ అంటే ఆ రెండో చెవి.

ఒక డబ్బాలో నాలుగు పనులు

తికమక అంతా రౌటర్ అనే మాటలోనే ఉంది. ఇంట్లో మనం రౌటర్ అని పిలిచే డబ్బాలో నాలుగు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది, ఇంటి మొత్తానికి బయటి నుంచి వచ్చిన ఒకే చిరునామాను అందరికీ పంచి, ఏ ఫోన్ అడిగింది ఆ ఫోన్‌కు చేర్చడం. రెండోది, ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోన్‌కూ టీవీకీ 192.168.1.5 లాంటి లోపలి నంబరు ఇవ్వడం. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. మూడోది, వెనకాల ఇంట్లోని తీగలు గుచ్చే ల్యాన్ పోర్టుల మధ్య తీగల మార్గం కలపడం. నాలుగోది, రేడియో. అంటే వైఫై. ఈ నాలుగో పని ఒక్కటే చేసే డబ్బాను యాక్సెస్ పాయింట్ అంటారు.

ఫైబర్ బాక్సు వీటికి తోడు ఐదో పని కూడా చేస్తుంది, వెలుతురు రూపంలో వచ్చిన సమాచారాన్ని విద్యుత్తుగా మారుస్తుంది.

మిద్దెపైన మనకు కావలసింది నాలుగో పని, మహా అయితే మూడోది. మనం అక్కడ పెట్టే రెండో రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. పెట్టెలోంచి తీసి కరెంటు ఇచ్చిన వెంటనే నాలుగు పనులూ మొదలుపెడుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు తయారవుతారు.

రిపీటర్ ఒకే మాటను రెండుసార్లు చెబుతుంది

రెండో డబ్బాకు మొదటి డబ్బాతో సంబంధం ఎలా కలుస్తుంది? నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. డబ్బా కంపెనీ ఏది, యాంటెనాలు ఎన్ని అన్నవి దీని తర్వాతే.

తేలికైన సంబంధం గాలిలో కలిసేది. ప్లగ్గులో గుచ్చితే చాలు, తీగ అక్కర్లేదు. రిపీటర్ చేసేది అదే. మొదటి రౌటర్ మాట విని, మళ్లీ తన గొంతుతో చెబుతుంది. చిక్కు ఏమిటంటే ఒక చానెల్లో, అంటే బ్యాండులోని ఒక చిన్న దారిలో, ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. రిపీటర్ వింటున్నంతసేపు ఫోన్‌తో మాట్లాడలేదు, ఫోన్‌తో మాట్లాడుతున్నంతసేపు రౌటర్ మాట వినలేదు. ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది.

100 మెగాబిట్ల వీడియో ముక్క ఒకటి పైకి చేరాలనుకోండి. రిపీటర్‌ను నేరుగా పై గదిలో పెట్టామనుకుందాం, చాలామంది చేసేది ఇదే. కింది నుంచి అక్కడికి గాలి మార్గం 10 ఎంబీపీఎస్ మాత్రమే ఇస్తోంది. ఆ ముక్క రిపీటర్‌ను చేరడానికి 10 సెకన్లు. రిపీటర్ నుంచి పక్కనే ఉన్న ఫోన్‌కు 100 ఎంబీపీఎస్ వస్తోంది కాబట్టి ఇంకో 1 సెకను. మొత్తం 11 సెకన్లు, అంటే 9 ఎంబీపీఎస్. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం పాతదానికంటే ఇంకా తక్కువ. అదే రిపీటర్‌ను మెట్ల దగ్గర, కింద నుంచి 50, పైకి 50 అందే చోట పెడితే 2 సెకన్లు, 2 సెకన్లు, మొత్తం 4. అంటే 25 ఎంబీపీఎస్. అదే వస్తువు, అదే ఇల్లు, పెట్టిన చోటు ఒక్కటే మారింది, ఫలితం దాదాపు మూడింతలు.

రిపీటర్ దండగ అని కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అది న్యాయం కాదనిపిస్తుంది. 25 ఎంబీపీఎస్‌లో వీడియో కాల్, ఆన్‌లైన్ క్లాసు, సినిమా అన్నీ నడుస్తాయి. రెండు బ్యాండ్లు ఉన్న రిపీటర్ ఒకదాంతో విని, ఇంకొకదాంతో చెబితే ఈ సగానికి సగం నష్టం కూడా తగ్గుతుంది, అప్పుడు రెండు మార్గాల్లో నెమ్మదైనదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. బాడుగ ఇంట్లో గోడకు మేకు కొట్టడానికే ఓనర్‌ను అడగాల్సిన వాళ్లకు తీగ లాగమని చెప్పడం సులభమైన సలహా కాదు. అయితే రిపీటర్‌కు కూడా నాలుగో మెట్టు లాంటి చోటు కావాలి. నెట్ అసలే రాని చోట పెట్టిన రిపీటర్ ఆ లేనిదాన్నే గట్టిగా చెబుతుంది.

తీగతో కలిపితే లెక్క ఎందుకు మారుతుంది

కింది బాక్సు నుంచి పై డబ్బా దాకా ల్యాన్ కేబుల్ ఉందనుకోండి. గోడలు, స్లాబు లెక్కలోంచే పోతాయి. తీగలో వస్తున్న ముక్క వస్తూనే ఉంటుంది, గాలిలో పోయేది పోతూనే ఉంటుంది, ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు. పై లెక్కలోని అదే ముక్క దాదాపు ఒక సెకనులో చేరుతుంది. 100 ప్లాన్‌కు పై గదిలో కూడా 90 పైన కనిపిస్తుంది.

క్యాట్ 5ఈ రకం తీగ 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. ఏ ఇంటికైనా అది చాలా ఎక్కువ. తీగ లోపల ఎనిమిది సన్నటి వైర్లు, నాలుగు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జంటలు చాలు, 1000కి నాలుగూ కావాలి. కొసన క్లిప్పు బిగించేటప్పుడు ఆ మిగతా రెండు జంటల్లో ఒక్క వైరు సరిగా కూర్చోకపోయినా లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, వేగం మాత్రం 100 దగ్గర ఆగిపోతుంది. 300 ప్లాన్ తీసుకుని పై గదిలో ఖచ్చితంగా 94, 95 దగ్గర అంకె ఇరుక్కుపోయిందంటే అనుమానం ముందు ఈ క్లిప్పు మీదికి, తర్వాత పాత రౌటర్ పోర్టు మీదికి పోవాలి. చవక రౌటర్లలో, పాత రౌటర్లలో పోర్టులే 100 రకానివి ఉంటాయి.

తీగ రాగిదేనా అన్నది కూడా చూసుకోవలసిందే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగలు తక్కువ ధరకు అమ్ముతుంటారు. కొన్నాళ్లు పనిచేస్తాయి, మడత పడిన చోట పుటుక్కున విరుగుతాయి. మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో వాడే మామూలు తీగను బయటి గోడ మీద లాగితే పైతొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది. బయటి వాడకానికని నల్లటి తొడుగుతో వేరే తీగలు దొరుకుతాయి. కరెంటు వైర్లు పోయే పైపులోంచే దీన్ని లాగేద్దాం అనే ఆలోచన మాత్రం ప్రమాదం. లోపల ఎక్కడైనా కరెంటు వైరు తొడుగు చెడితే 230 వోల్టులు ఈ తీగలోకి ఎక్కుతాయి.

తీగ గురించి చెబుతూ ఇంకో దారి చెప్పకపోతే అన్యాయం. రెండో రౌటర్ కొనేముందు మొదటి బాక్సునే జరపొచ్చు. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరు పోయినా నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. ఒక్క రాతి గోడ 15 తింటుందని ఇందాక లెక్క వేసుకున్నాం. అలాంటప్పుడు వీధి కిటికీ దగ్గర ఆగిన ఫైబర్‌ను ఇంకో ముప్పై అడుగులు పొడిగించి ఇంటి నడుమ బాక్సు పెట్టడమే చాలా ఇళ్లలో మంచి వైద్యం. ఫైబర్‌ను మూలల దగ్గర గట్టిగా మడవకూడదు, అతుకు సరిగా పడాలి. కాబట్టి ఆ పని కనెక్షన్ ఇచ్చినవాళ్ల చేతే చేయించుకోవాలి. ఒకే అంతస్తు ఇల్లయితే చాలాసార్లు రెండో రౌటర్ అవసరమే పడదు.

ఏ పోర్టులో గుచ్చారన్న దాంట్లో ఉన్న గొడవ

తీగ లాగాక కూడా జనం తలలు పట్టుకునేది ఇక్కడే. రెండో రౌటర్ వెనక నాలుగు ల్యాన్ పోర్టులు ఒక రంగులో, బయటి నెట్ లోపలికి రావడానికి పెట్టిన వ్యాన్ పోర్టు ఇంకో రంగులో ఉంటాయి.

ప్రొద్దుటూరులో మా మేనమామ ఇంట్లో జరిగింది చెబుతాను. పాత రౌటర్ ల్యాన్ పోర్టులో తీగ గుచ్చి, సెట్టింగులేవీ మార్చకుండా వదిలేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో వింత. అత్త ఫోన్‌లో నెట్ వస్తుంది, మామ ఫోన్‌లో కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు అని వస్తుంది. వైఫై ఆపి మళ్లీ పెడితే ఒక్కోసారి తారుమారు. కింది బాక్సు చెడిపోయిందని మామ ఫిర్యాదు కూడా పెట్టాడు. చెడింది ఏమీ లేదు. ఇంట్లో నంబర్లు ఇచ్చేవాళ్లు ఇద్దరయ్యారు. కొత్తగా కలిసిన ఫోన్ "నాకొక నంబరు కావాలి" అని అడుగుతుంది. ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరు తీసుకుంటుంది. కింది బాక్సు ముందు పలికితే బయటికి దారి అదే చూపిస్తుంది, నెట్ వస్తుంది. పాత రౌటర్ ముందు పలికితే బయటికి దారి నేనే అంటుంది. దాని వెనక దారి ఏదీ లేదు. దానికి తోడు రెండు డబ్బాల సొంత నంబరు కూడా 192.168.1.1. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, దాని సొంత నంబరును 192.168.1.2గా మార్చాక ఆ వింతంతా పోయింది. ఈ రెండు మార్పులతో ఏ రౌటర్ అయినా యాక్సెస్ పాయింట్‌గా మారిపోతుంది. కొత్త రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అనే మీటే ఉంటుంది, అది నొక్కితే ఈ పనులన్నీ అదే చేసుకుంటుంది. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన రోజుల నాటి మోడెమ్ రౌటర్లకు వ్యాన్ పోర్టే ఉండకపోవచ్చు, అయినా ల్యాన్ పోర్టు ద్వారా అవీ ఇలా పనికొస్తాయి.

తీగను వ్యాన్ పోర్టులో గుచ్చితే? చాలాసార్లు నెట్ మామూలుగానే వస్తుంది. రెండో రౌటర్ కింది ఇంటిని బయటి ప్రపంచం అనుకుని, తన వెనక ఇంకో చిన్న ఇల్లు కట్టుకుంటుంది. చిరునామా మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. మామూలుగా సినిమాలు చూసుకునేవాళ్లకు తేడా తెలియదు. పై గదిలోని ఫోన్ నుంచి కింది హాల్లోని టీవీకి బొమ్మ పంపాలన్నప్పుడు టీవీ కనిపించదు. కొన్ని ఆటలు, ఆఫీసు వాళ్ల కొన్ని కనెక్షన్లు మొరాయిస్తాయి.

దీన్ని కావాలనే పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పై పోర్షన్ బాడుగకు ఇచ్చి, నెట్ కూడా అందులోనే ఇచ్చే ఇళ్లలో రెండు కుటుంబాలకూ రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఉండటం మంచిదని వాళ్ల వాదన. వాదనలో బలం ఉంది, ఒక మెలిక కూడా ఉంది. ఈ గోడ ఒకవైపే పనిచేస్తుంది. కింది వాళ్లు పైవాళ్ల ఫోన్లను చేరలేరు, పైవాళ్లు మాత్రం కిందివాళ్ల ప్రింటర్‌నో సీసీ కెమెరా డబ్బానో చేరగలరు, ఎందుకంటే బయటికి పోయే దారి కింది నెట్‌వర్క్ మీదుగానే ఉంది. ఓనర్ తనను తాను కాపాడుకున్నాననుకుంటాడు, కాపాడింది బాడుగవాళ్లను. ఈ అవసరానికి గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయమే సరిపోతుంది, అంటే మన వస్తువులు కనపడకుండా నెట్ మాత్రమే ఇచ్చే వేరే వైఫై పేరు.

మెష్ మీద రెండు అభిప్రాయాలు

మెష్ అంటే ఒకే మెదడుతో పనిచేసే రెండు మూడు డబ్బాల జట్టు. పేరు, పాస్‌వర్డ్, చానెళ్లు, ఏ ఫోన్ ఏ డబ్బాతో ఉంటే మేలు అన్న సమాచారం అన్నీ కలిసి చూసుకుంటాయి. సెట్టింగుల జోలికి పోవడం ఇష్టం లేనివాళ్లకు ఇది నిజంగా సుఖం. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండి, పిల్లలు దూరంగా ఉంటే ఆ సుఖానికి విలువ ఎక్కువే.

మెష్‌ను వ్యతిరేకించేవాళ్లు చెప్పేది ఒకటే: తీగ లేని మెష్ కూడా గాలిలోనే మాట్లాడుకోవాలి, రాతి గోడ దాన్ని చూసి జాలిపడదు. ఇది నిజం. కొన్ని ఖరీదైన మెష్‌లలో డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి మూడో రేడియో ఉంటుంది, దానివల్ల వేగం సగం కావడం తప్పుతుంది. కానీ ఆ రేడియో కూడా చాలావరకు 5 గిగాహెర్ట్జ్‌దే, గోడల దగ్గర ముందు నీరసించేది అదే. చాలా మెష్ డబ్బాలకు కూడా వెనక ల్యాన్ పోర్టులు ఉంటాయి, వాటి మధ్య తీగ వేస్తే రెండు వాదనలూ కలిసిపోతాయి. ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ దానితో చాలాసార్లు కలవదు. కలిసేలా చేయాలని వైఫై అలయన్స్ 2018లో ఈజీమెష్ అనే ప్రమాణం తెచ్చింది, పెట్టె మీద ఆ పేరు ఉందో లేదో చూడటం మంచిది.

ఒకే పేరు పెట్టాలా, రెండు పేర్లా

రెండు డబ్బాలకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఫోన్ దృష్టిలో అది ఒకటే నెట్‌వర్క్. మెట్లెక్కి పైకి పోతే ఫోన్ తనే మారుతుంది. ఎప్పుడు మారాలన్నది మాత్రం చాలావరకు ఫోన్ ఇష్టం. కొన్ని ఫోన్లు కింది డబ్బాను పట్టుకుని వదలవు. పైన పక్కనే రెండో డబ్బా ఉన్నా ఒక్క గీతతో నెట్టుకొస్తుంటాయి. రెండు వేర్వేరు పేర్లు పెడితే ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది, మనమే మార్చుకోవాలి. టెక్నీషియన్లు చాలామంది రెండో పద్ధతి ఇష్టపడతారు, చెడిందేదో పేరు చూసి చెప్పొచ్చని. అమ్మ లాంటివాళ్లకు ఒకే పేరు మేలు, సెట్టింగుల్లోకి పోయి పేరు మార్చమంటే అదో టెన్షన్.

తీగతో కలిపిన రెండు డబ్బాలు వేర్వేరు చానెళ్లలో ఉండాలి. 2.4 బ్యాండులో 13 చానెళ్లు కనిపిస్తాయి గానీ ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ.

కరెంటు పోయినప్పుడు

మా ఇంట్లో చివరికి మెట్ల వెంటిలేటర్ గుండా నల్ల తీగ పైకి పోయింది. అటక మీది పాత రౌటర్ పై గదిలో గూట్లో కూర్చుంది. సిగ్నల్ -45. వారం రోజులు అమ్మ మంచం మీద వాలి మాట్లాడింది. తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ లేదు.

పాత ఇళ్లలో ఇన్వర్టర్ లైను అన్ని ప్లగ్గులకూ ఉండదు. పై గదిలో ప్లగ్గుకు ఉంది, కింద కిటికీ పక్కన ఫైబర్ బాక్సు ప్లగ్గుకు లేదు. పై రౌటర్ బతికే ఉంది కాబట్టి ఫోన్‌కు వైఫై కనిపిస్తోంది, దాని వెనక ఫైబర్ బాక్సు నిద్రపోయింది. దీనికి ఉల్టాగా జరిగే ఇళ్లూ ఉంటాయి. ఒక డబ్బా ఉన్నప్పుడు ఒక ప్లగ్గు గురించి ఆలోచిస్తే చాలు, రెండు డబ్బాలైతే రెండూ, వాటి మధ్య ల్యాన్ తీగలను కలిపే స్విచ్చు డబ్బా ఏదైనా ఉంటే అదీ, అన్నీ ఒకేసారి వెలుగుతూ ఉండాలి. ఈ బాక్సులు చాలావరకు 12 వోల్టుల మీద నడిచేవి కాబట్టి అరచేతిలో పట్టే చిన్న యూపీఎస్ ఒకటి సరిపోతుంది, అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు దానికి సరిపోతాయో లేదో చూసుకుంటే చాలు. కింది బాక్సుకు అలాంటిది ఒకటి తగిలించాను. మొన్న కరెంటు పోయినప్పుడు అమ్మ పైనే ఉంది. కాల్ తెగలేదు, కరెంటు పోయిందని ఆమెకు చెల్లెలు చెబితే గానీ తెలియలేదు. ఆమె వెనక గోడ మీద ట్యూబ్‌లైటు ఆరి చిన్న బల్బు వెలగడం చెల్లెలికి బెంగళూరులో కనపడింది.